పళ్లెంలో పచ్చ

బరంపురం పెద్దాసుపత్రి, మెట్ల కింద గది.
పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
ముందు వాసన తగుల్తుంది,
మగ్గిన ద్రాక్షల వాసన.
మూత మీది అంకె చూడక్కర్లేదు.

పదకొండో మంచం. నీలాచలం.
పట్టునూలు ఉడికించే గంగాళం ఒరిగి
నడుం నుంచి మోకాళ్లదాకా కాలినవాడు.
జిగురు వదిలించే సబ్బునీళ్లవి,
నూలుకి మెరుపు తెచ్చే నీళ్లే.
మూడో వారం, మానుతోందన్నారు.
వీపు తోలు తీసి తొడకి అతికారు.
అతుక్కుంది కూడా.
ఆ తర్వాతే జ్వరం.

పళ్లెం నిండా సన్నటి నాచు.
అందులో నేను పెట్టిన మందు చుక్కలు,
గుండ్రటి కాగితం ముక్కలు.
మందుకి సత్తువుంటే చుక్క చుట్టూ
ఊడ్చిన వాకిలంత ఖాళీ మిగలాలి.
ఇక్కడ గడ్డి గుమ్మందాకా వచ్చేసింది.
స్కేలు పెడతాను.
ఆరు, ఆరు, ఆరు.
ఆరు మిల్లీమీటర్లంటే కాగితం వెడల్పే,
అంటే సున్నా.
లొంగదు, లొంగదు, లొంగదు
అని రాసి పైకి పంపిస్తాను.
డాక్టరమ్మ చదివి మడిచి జేబులో పెట్టుకుని
అతనితో ఒడియాలో "భల హేబ" అంటుంది.

నిన్న మళ్లీ నమూనాకి వెళ్లాను.
"ఆ గుడ్డ ఇటు చూపించమ్మా" అన్నాడు.
కట్టు మీది మరకని కిటికీ వెలుగుకి తిప్పి
నొప్పి మరిచిపోయి చూశాడు.
"ముప్పై ఏళ్లు కలిపాను రంగులు.
పసుపు మీద నీలి ముంచితే వచ్చే పచ్చ కాదిది.
ఉతికితే పోతుందా?"
చూస్తున్నాం బాబాయ్, అన్నాను.
"అయితే పక్కా రంగే" అన్నాడు,
గొంతులో ఎక్కడో మెచ్చుకోలు.

ఇంట్లో, ఫ్రిజ్ మీద, పసుపు డబ్బా వెనక
సగం చింపిన అట్ట ఒకటుంది.
చిన్నదానికి జ్వరం తగ్గిందని
నేనే ఆపేసిన మూడు బిళ్లలు.
రాత్రి చేతిలోకి తీసుకున్నాను.
ఎక్కడ పారేయాలో తెలీక
మళ్లీ అక్కడే పెట్టాను.

ఇవాళ కొత్త పళ్లెం. ఇక మిగిలింది ఒక్క మందే.
మూత్రపిండాల మీద పడుతుందంటారు.
అల్లుడు కటకం పోయి
ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు,
పనిచేస్తుందో లేదో తెలియకముందే.
మూత తీశాను.
చుక్క చుట్టూ సన్నటి వలయం.
పన్నెండు. కాదు, పదమూడు.
పళ్లెం తిప్పి మళ్లీ కొలిచాను. పన్నెండు.
పుస్తకం దీన్ని లొంగిందనీ అనదు, లొంగలేదనీ అనదు.
బొటనవేలి గోరంత నేల.

అంకె రాసి, సంతకం పెట్టి
చేతులు కడుక్కుంటున్నాను.
వేళ్ల సందులు, గోళ్ల కింద, మోచేతులదాకా.
పైన కట్టు మార్చే బండి కిర్రుమంటోంది.
అద్దకం దించిన సాయంత్రాలు
అతనూ ఇలాగే కడుక్కునేవాడట,
నీళ్లు తెల్లగా పోయేదాకా.