పెదాల లెక్క

నెల్లిమర్లలో ముందు జూట్‌మిల్లు కూసేది,
తర్వాత మా బడి గంట.
ఆ రెండింటి మధ్య
రాత్రి షిఫ్టు దిగిన అమ్మలు
జుట్టునిండా నారపీచుతో వచ్చి
మాకు జడలేసేవారు.

డ్రిల్లు మాస్టారు అప్పలనరసయ్య గారికి
పటాలంలో కుడిచెవి పోయింది.
పాడేదెవరో పాడనిదెవరో
ఆయన కంటితోనే పట్టాలి.
ఆయన కళ్ళు చాలక నావి అడిగారు.
ఒక రూళ్ళ పుస్తకం, ఒక ఎర్ర పెన్సిలు.
"పెదాలు చూడమ్మా. కదలనివి రాయి."

ఎనిమిదో తరగతి బి సెక్షను, నలభై ఏడు జతల పెదాలు.
పొక్కు లేచినవి, చద్దన్నం మెతుకు అంటినవి,
శ్లోకంలో ఒత్తులన్నీ మింగేసేవి,
దేశం పేరు దగ్గర మాత్రం బార్లా తెరుచుకునేవి.
వెనక వరసలో ఇద్దరు సినిమా పాట పాడుకునేవారు.
కదులుతున్నాయి కదా, రాయలేదు.

మూడో వరసలో బోని దానియేలు పెదాలు
జిగురు పెట్టిన కవరు.
శ్లోకానికి చేతులు జోడించడు.
జెండా పాటకి మా అందరికంటే నిటారుగా నిలబడతాడు,
ముక్కు మీద ఈగ వాలినా తోలడు,
నోరు మాత్రం విప్పడు.
సోమవారం రాశాను. మంగళవారం రాశాను.
బుధవారం వాడికి జ్వరం.
గురువారం మళ్ళీ.

జెండా దిమ్మ పక్కన కంకర మీద మోకాళ్ళు, రెండు పీరియడ్లు.
లేచి, గుచ్చుకున్న చోట ఉమ్ము రాసుకుని
తిన్నగా నా దగ్గరికొచ్చాడు.
తిడతాడనుకున్నాను.
"కనకలతా, నా పేరుకి ఒత్తు నేదు.
మామూలు దా. నువ్వు ధా రాస్తన్నావు."
ఆ మర్నాటి నుంచీ
తప్పు లేకుండా రాశాను.

వాళ్ళ మామ్మ సువార్తమ్మ వచ్చింది.
హెడ్మాస్టారి గది గడప ఇవతలే ఆగి,
"మా గుంటడు నిలబడ్డాడు గదా బాబూ, కూకోనేదు గదా.
ఆడు నోరిప్పకపోతే దేశానికేటి నొప్పి?
ముప్పయ్యేళ్ళు మిల్లులో గోనెలు కుట్టినాను,
పాడమని నన్నెవులైనా అడిగినారేటి?"
హెడ్మాస్టారు ఫ్యాను వైపు చూశారు.
అప్పలనరసయ్య గారు ఎడమచెవి ఇటు తిప్పి
అంతా విన్నారు. విని,
"రూలమ్మా" అన్నారు, మెల్లగా.

దసరా సెలవులిచ్చే రోజు
పటం దగ్గర కుంకుమకి వరస కట్టాం.
వాడి వంతుకి వరస ఆగిపోయింది.
ఎవరో వెనకనుంచి వాడి తల కదలకుండా పట్టుకున్నారు.
ఎవరో ఏమిటి,
నేనే.
బొట్టు వంకరపోయి ముక్కు దాకా జారింది.
వాడు తుడుచుకోలేదు.
ఇంటిగంట దాకా అలాగే ఉంచుకుని కూర్చున్నాడు,
నాకు కనిపించేలా.

సిరిమాను పండగయ్యాక బడి తెరిస్తే వాడు లేడు.
కథల్లో అయితే
జెండా తాడు ఎక్కడో చిక్కుకోవాలి,
వాడే కర్రెక్కి విప్పాలి, మేం చప్పట్లు కొట్టాలి.
అలాంటిదేమీ జరగలేదు.
మిల్లుకి లాకౌటు పడింది.
వాళ్ళు చంపావతి దాటి ఎటో పోయారు.
హాజరుపట్టీలో వాడి పేరు మీద ఒక గీత,
స్కేలు పెట్టి గీసినది.

ఇరవయ్యేళ్ళు పట్టింది నాకు తట్టడానికి.
కదలని పెదాలు వెతుకుతూ
ఆ ఏడాదంతా నేను
ఒక్క పొద్దూ పాడలేదు.
చేతిలో పెన్సిలుంది కనక దండమూ పెట్టలేదు.
ఎవరూ రాయలేదు.
ఆ పుస్తకంలో నా పేరు
అట్ట మీద ఉంది, పువ్వుల బోర్డరుతో.

నిన్న మా చిన్నదాని బడి నుంచి ఫోనుకి కబురు.
పిల్ల పాడుతుండగా వీడియో తీసి పంపాలట,
ముఖం స్పష్టంగా కనబడాలట.
గోడకి ఆనించి నిలబెట్టి ఫోను ఎత్తాను.
రెండు లైన్లు పాడి ఆగింది.
"నువ్వెందుకమ్మా నా నోరే చూస్తున్నావ్?"

తెర మూల ఎర్రచుక్క
ఇంకా వెలుగుతోంది.