అందాక

ఆదోనిలో, ఆలూరు రోడ్డు మలుపులో
ఈరన్న షెడ్డు ముందు మా మటాడోరు
మూతి పైకెత్తుకొని నిలబడింది.
లోపల ఇంజను లేదు.
ఇన్నేండ్లు బరువుకు వంగిన ముందు పట్టీలు
తేలిగ్గా లేచినాయి,
పన్ను పీకించుకున్నోని దవడ మాదిరి.

ఇంజను నేల మీద, గోనెపట్టా పైన.
"వేలు పెట్టి చూడు హుసేనప్పా" అన్నాడు.
పెట్టినాను.
సిలిండరు పైఅంచు కింద
గోరుకు తగిలింది ఒక గట్టు.
పిస్టను ఎంతదాకా పోయి వెనక్కి మళ్ళిందో
అంతదాకా అరిగింది ఇనుము.
ఆ పైన వేలెడు మేర
ఇంకా ఎవరూ తొక్కని దారి.

మీటరు పత్తికొండ దగ్గర ఎప్పుడో ఆగిపోయింది.
ఆగకున్నా అది చెప్పేది సగమే.
ఈ బండి నడిచిందాని కన్నా నిలబడి తిరిగింది ఎక్కువ:
వెనక చక్రం జాకీ మీద లేపి
బెల్టు వేసి దూది ఏకే మిషనుకు తగిలిస్తే
పొద్దు గూకేదాకా ఒకే చోట మైళ్ళకు మైళ్ళు.
కౌతాళం, కోసిగి, హొళగుంద, దేవనకొండ,
ఏ ఊళ్ళో ఎన్ని పరుపులో దానికే తెలుసు.

ఈరన్న బొగ్గుముక్కతో గోడ మీద రెండు లెక్కలు రాసినాడు.

బోరు కొట్టను ఇంక కండ లేదప్పా, మూడుసార్లు కొట్టిస్తివి.
స్లీవులు దింపాల. క్రాంకుకు ఇదే ఆఖరి సైజు.
నలభై ఎనిమిది వేలు. మూడు వారాలు. గ్యారంటీ దేవునిది.

లేదంటే బళ్ళారి పాత సామాన్ల బజారులో
ఇంకో ఇంజను, ఎవని బండిదో, యాడ బోర్లా పడిందో.
డెబ్బై రెండు వేలు. నాలుగు దినాల్లో ఎక్కిస్తా.
కాళ్ళు కోసి అతకాల.
బుక్కులో నంబరు మార్పించను నువ్వు కర్నూలు తిరగాల.

నాకు మాట రాలేదు.
ముప్ఫై ఏండ్లు వాకిలి వాకిలికీ పోయి
"పాత దూది పారేయొద్దమ్మా, ఏకితే కొత్తదే" అని అరిచిన నోరు.
స్పాంజి పరుపులు వచ్చినాక ఇంకా గట్టిగా అరిచిన నోరు.
అయితే ఆ మాట అందరికీ చెప్పలేదు నేను.
రెండు బొటనవేళ్ళ నడుమ చిటికెడు దూది లాగితే
పోగు సాగాల. సాగకుండా పుటుక్కున తెగి
పొడి రాలిందా,
"ఇది దిండుకు గూడా రాదు తల్లీ" అని
మూట పక్కన పెట్టి, కూలి అడక్కుండా లేచొచ్చినాను.
ఇనుమును అట్ల లాగి చూసేదెట్ల?

ఇమాంబీ ఇంజను మూత ఒళ్ళో పెట్టుకొని కూచుంది.
దాని మీది మెత్త ఆమె కుట్టిందే.
చలికాలం రాత్రులు మా రమీజ పండుకున్నది ఆ మూత మీదే,
ఇంజను చల్లారేదాకా నిద్ర,
చల్లారినాక ఏడుపు.
ఇప్పుడా పిల్ల ఎమ్మిగనూరులో టైలరు.
వాళ్ళింట్లో స్పాంజి పరుపే.

గోడ దిక్కు చూడకనే అడిగింది ఇమాంబీ:
"అన్నా, స్లీవులేస్తే ఎన్నేండ్లొస్తుంది?"
"పదేండ్ల పైనే."
"బళ్ళారిది?"
"ఎనిమిదో, పదో. అదృష్టం."
"ఈయన మోకాళ్ళు?"

ఈరన్న స్పానరు కింద పెట్టినాడు.

"పోయిన సీజను నాలుగు నూర్ల పరుపులు.
ఈ సీజను రెండు నూర్ల అరవై. పైది నువ్వే లెక్కగట్టు.
పదేండ్ల ఇంజను మేమేం చేసుకోవాల?
రింగులు మార్చు, బేరింగులు మార్చు, హెడ్డు సాపు చెయ్యి.
అందాక నడిస్తే చాలు."

ఎందాక అని ఈరన్న అడగలేదు.
నేనూ అడగలేదు.
రెండు లెక్కల కింద మూడోది పడింది:
పందొమ్మిది వేల ఐదు నూర్లు.
పొగ వస్తుంది, ఆయిలు తాగుతుంది, నన్ను తిట్టుకోవద్దు అన్నాడు.

ఆ రాత్రి బండిలోనే పండుకున్నాం.
ముందు లేచి వెనక దిగిన బండి,
జారి జారి తలుపుకు తగులుతున్నాయి కాళ్ళు.
ఇంజను ఉన్న చోట పెద్ద బొక్క.
దాంట్లోంచి నేల కనిపిస్తాంది, నూనె మరకలు,
ఈరన్న మరిచిపోయిన ఒక నట్టు.
దాంట్లోంచే గాలి.

ఇమాంబీ లేచి
కోసిగిలో పనికిరాదని నేను పక్కన పెడితే
ఎందుకో బండిలో పడేసుకొచ్చిన ఆ పొడిదూది మూట వెతికి
బొక్కలో కుక్కింది.

తెల్లారేదాకా ఆగింది గాలి.