ఎవరూ అడగని అంకె

మార్చి. దౌగవా మీద మంచు పగుళ్ళిస్తున్న రాత్రి.
నదీమట్టాల ఆఫీసులో మిర్ద్జా ఒక్కతే.
పది నిమిషాలకోసారి తల్లి ప్రాసెస్ నిద్ర లేచి
ఏడుగురు పిల్లల్ని కంటుంది,
ఒక్కొక్కరినీ ఒక్కో వంతెన దగ్గరికి తోలుతుంది,
నీళ్ళెంతున్నాయో చూసి రా, పో.

మూడూ పదికి తెర మీద ఒక వాక్యం:
ఫోర్క్ విఫలం. వనరు తాత్కాలికంగా లభ్యం కాదు.
తాత్కాలికంగానట!
ఊరు మునిగాక లభ్యమవుతుంది కాబోలు.

జాబితా తెరిచింది.
మూడు వందల ఎనభై ఆరు వరుసలు,
ప్రతి వరుస చివరా అదే మాట, డిఫంక్ట్.
మెమరీ లేదు, తెరిచిన ఫైలు లేదు, చేసే పనీ లేదు,
నంబరు మాత్రం ఉంది
కుర్చీ మీద వదిలేసి పోయిన తువ్వాల్లా.
కిల్ కొట్టింది.
తొమ్మిది చేర్చి మళ్ళీ కొట్టింది.
చచ్చిన పాముని ఎన్ని దెబ్బలు కొడితే ఏం?

జిగ్మార్స్‌కి ఫోన్ చేసింది.
పదకొండేళ్ళ కిందట ఈ స్క్రిప్టు రాసి
ఇప్పుడు క్రాస్లవాలో తేనెటీగలు పెంచుకుంటున్న మనిషి.
నిద్రగొంతుతో అతను అడిగిన మొదటి మాట,
"వాటి తల్లి నంబరెంత?"
తర్వాత చాలాసేపు దగ్గాడు.

"వాటి తప్పేం లేదు.
వెళ్ళాయి, చూశాయి, పోతూ పోతూ
ఒక అంకె గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాయి.
సున్నా అయితే పని సవ్యంగా జరిగినట్టు.
తల్లి అడిగి పుచ్చుకునేదాకా
పేరు కొట్టెయ్యడానికి లేదు.
అడగమని నేనే రాయలేదు.
అప్పట్లో సాయంత్రం ఆరింటికి మిషన్ ఆపేసేవాళ్ళం,
తెల్లారేసరికి అన్నీ మాఫీ."

తల్లిని ఆపింది.
మూడు వందల ఎనభై ఆరూ ఒక్క తుడుపుతో పోయాయి.
కొత్త తల్లిని లేపితే, కాన్పు నిలవలేదు.

"కిటికీల వాళ్ళింట్లో అద్దెకున్న యూనిక్స్ కదా మనది,
ఇక్కడ పిల్ల పుట్టాలంటే
తల్లి వంటింట్లో ఏ గూట్లో ఏముందో
పిల్ల వంటింట్లో ఆ గూట్లో అదే ఉండాలి.
ఉప్పుడబ్బా బెత్తెడు జరిగినా పుట్టుక చెల్లదు.
ఈ వారం ఇంట్లోకి కొత్తగా ఎవరొచ్చారు?"

మంగళవారం వచ్చింది, వైరస్‌లని కాసే కొత్త కాపలా.
వస్తూనే ఉప్పు గూట్లో పక్క పరుచుకుంది.

మందు ఒకటే.
అందరినీ బయటికి పంపి, దీపాలార్పి,
ఒక్కో లైబ్రరీకి దాని గూడు దానికి
మొదట్నించీ రాసివ్వడం. అరగంట పని.
ఆ అరగంటా నదికి కళ్ళుండవు.

గేటు దగ్గర వాచ్‌మన్ గ్లేబ్ ఉన్నాడు.
టార్చీ, వాకీటాకీ ఇచ్చి పంపింది,
వంతెన కింద కొలబద్ద మీద అంకె చదివి చెప్పమని.
"నాలుగు మీటర్ల పన్నెండు," అన్నాడు గాలిలోంచి.
కాగితం మీద రాసుకుంది.
తెర మీద పేర్లు గబగబా దొర్లిపోతున్నాయి.
"నాలుగూ పద్నాలుగు."
రాసుకుంది. గరగర వినలేక
వాల్యూమ్ తగ్గించింది.

నాలుగింటికి తల్లి లేచింది.
ఏడుగురూ పుట్టారు, వెళ్ళారు, వచ్చారు.
స్క్రిప్టు చివర మిర్ద్జా ఒక మాట చేర్చి ఉంచింది,
వెయిట్.
ఏడు సున్నాలు చేతికందాయి.
జాబితా నున్నగా ఖాళీ.
టీ కాచుకుంది, రెండో కప్పు కూడా తాగింది,
ఎనభై ఆరు అన్న అంకె ఎందుకో నోట్లో నానింది.

బల్ల మీద ఏదో గొణుగుతున్నట్టనిపిస్తే
మీట తిప్పింది.
"...నాలుగూ పంతొమ్మిది. నాలుగూ పంతొమ్మిది.
వింటున్నారా? నాలుగూ..."
పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు, అంకెకీ అంకెకీ మధ్య.
గడియారం ఐదుకి పావు తక్కువ.

బటన్ నొక్కి పట్టుకుంది.
"విన్నాను గ్లేబ్. రాసుకున్నాను."

మంచు ఒకటి ఎక్కడో పెద్దగా విరిగింది.

"అయితే ఇంక రానా?"