రెండో ముద్ద

హీయుమా ద్వీపం. నవంబరు.
సముద్రం ఇంకా గడ్డకట్టలేదు.
విర్వె వంటింటి కిటికీకి నాలుగడుగుల అవతల
పైన్ చెక్క పెట్టెలో తేనెటీగలు.
మూత కింద అగ్గిపెట్టంత బోర్డు ఒకటి,
దాని ఒక చెయ్యి ఈగల నడుమ, ఒక చెయ్యి బయట గాలిలో.
కిటికీ గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన, ఇంకో బోర్డు.

నడుమ నాలుగు తీగలు.
ఒకటి అన్నం పెడుతుంది, ఒకటి తాళం వేస్తుంది,
ఒకటి మాట్లాడుతుంది.
నాలుగోది ఊరికే ఉంటుంది,
సున్నా ఎక్కడుందో ఇద్దరికీ ఒకేలా చూపిస్తూ.

అంకె పెద్దది. తీగ గొంతు సన్నం.
అందుకే రెండు ముద్దలు చేసి పంపమన్నాడు ఇల్మార్,
ముప్పై ఏళ్లు పడవల రేడియోలు బాగుచేసిన మనిషి.
ముందు పెద్ద ముద్ద.
అవతలివాడు ఊ కొట్టాలి.
ఊ వినపడ్డాకే చిన్న ముద్ద.
మళ్లీ ఊ.
కథ చెప్పేవాడికి ఇంతకన్నా ఏం కావాలి!

అక్టోబరంతా బాగానే నడిచింది.
బయట ఏడు. బయట మూడున్నర. బయట అర.
ఆ రాత్రి గడ్డి తెల్లబడింది.
పొద్దున్నే తెర మీద:
బయట ఆరువేల ఐదువందల నలభైతొమ్మిది పాయింట్ ఆరు.

"సూర్యుడి ఒంటికన్నా వేడిగా ఉందట నా పెరడు,"
అంది విర్వె, శాలువా బిగించుకుంటూ.
"దుప్పట్లు ఆరేసుకోనా?"

ఇల్మార్ నవ్వలేదు.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
రొట్టె చుట్టిన కాగితం మీద
రెండు ముద్దల్నీ మళ్లీ కలిపి చూశాడు.
రెండువందల యాభై ఐదు. రెండువందల పదహారు.
తీగ తప్పు లేదు. ఊ తప్పు లేదు.
పంపినవాడు నలభై అప్పు అని పంపాడు.
అందుకున్నవాడికి అప్పంటే తెలియదు.
పుట్టి బుద్ధెరిగాక
వాడి లెక్క సున్నా గడప దిగి చూడలేదు.

ప్రోగ్రాములో ఒక్క మాట మార్చాడు.
కాఫీ చల్లారేలోపు
బయట మైనస్ నాలుగు,
లోపల, గుంపు నడుమ, ఇరవై రెండు.
"చూశావా, బతికే ఉన్నాయి."

విర్వె తెర వైపు చూడలేదు.
రబ్బరు బూట్లలో కాళ్లు దూర్చి
ఆ నాలుగడుగులూ నడిచి
పెట్టెకు చెవి ఆనించి
వేలి కణుపుతో ఒక్కసారి తట్టింది.

లోపల వేల రెక్కలు కలిసి
ఊఁ
అన్నాయి. సద్దుమణిగాయి.

ఆమె ఇంకాసేపు అలాగే వంగి ఉంది,
రెండో ముద్ద ఇంకా రావాలన్నట్టు.