శాలువా కాలర్

రాత్రి పదకొండు. ట్రాలర్ వంటగదిలో గిన్నెలు కడగడం అయింది.
బారెంట్స్ సముద్రానికి మాత్రం నిద్ర పట్టలేదు.
మోకాళ్ల మధ్య ఊలు ఉండ ఇరికించుకుని
వంటవాణ్ణి నేను, రోగ్వీని,
ఇంకా పుట్టని మనవరాలి స్వెట్టర్‌కి
మెడ అల్లుతున్నాను.

బిల్లా పిన్ని చెప్పేది:
ఈ కాలర్‌కి వరుస చివరిదాకా పోకూడదురా,
నాలుగు కుట్లు మిగిలుండగానే వెనక్కి తిరుగు,
మళ్లీసారి ఇంకో నాలుగు ముందే.
అలా ఒడ్డు చేరని వరుసలే
మెడ వెనక పోగుపడి
ఒత్తుగా ఒరుగుతాయి.

కొలత ఎవరినడగను?
మొన్న హాడాక్ చేపకి గుడ్డ చుట్టి
తొడిగి చూశాను.
ఇంజిన్ గది కుర్రాడు యోకుప్
పొట్ట పట్టుకుని నవ్వాడు.
నవ్వి నవ్వి, వాడే అన్నాడు:
"చంక దగ్గర బిగుతు, మామా."
విప్పాను. వాడు ఉండ చుట్టాడు.

బుధవారం రేడియోలో అల్లుడి గొంతు, సగం గరగర:
ఆడపిల్ల. మూడు కిలోల తొమ్మిదివందలు.
చేపకి రెట్టింపు!
అప్పుడే అల ఒకటి పక్కనుంచి కొట్టింది,
సూదిలోంచి పదకొండు కుట్లు జారాయి.

దీపం దగ్గరికి లాక్కుని ఏరుకున్నాను ఒక్కొక్కటే.
దీని తల్లి సున్నువా పుట్టిన రాత్రి
ఇంతకన్నా దూరంలో ఉన్నాను,
చేతిలో సూదులైనా లేవు.

తోర్‌హావన్ రేవుకి ఇంకా పంతొమ్మిది రోజులు.
ఒక చెయ్యి, అయిదు గుండీలు మిగిలాయి.
ఊలుకి చేప వాసన పట్టింది.
ఉతికితే పోతుందంటాడు యోకుప్.
ముప్పై ఏళ్లుగా ఉతుకుతున్నాను,
నా చేతులదే పోలేదు.