పన్నెండు పాయింటు నాలుగు సున్నా

ల్యాబు కిటికీ తీస్తే కాశీబుగ్గ వైపునుంచి
కాల్చిన జీడిపిక్కల పొగ.
స్క్రూగేజి మరమీద కూడా ఆ జిడ్డే.
ఇరవయ్యేళ్ళుగా ఇదే గదిలో
పిల్లలచేత ఒకే తీగ మందం కొలిపిస్తున్నాను.
తీగ అరిగి సన్నబడింది,
రికార్డుల్లో జవాబు మాత్రం సన్నబడలేదు.

క్యాలిక్యులేటర్ని నమ్మకండర్రా, అంటాను.
అది తొమ్మిదంకెలు కక్కుతుంది
నీ పరికరానికి తెలిసినవి మూడే.
తెలియనిది తెలిసినట్టు రాస్తే
అది భౌతికశాస్త్రం కాదు, పెళ్ళిళ్ళ పేరయ్య మాట.

ముందున్న సున్నాలు చోటు చూపించే బంట్రోతులు,
లెక్కలోకి రావు.
నడిమి సున్నా గోడలో ఇటుక.
చుక్క దాటాక చిట్టచివర కూర్చున్న సున్నా ఉందే,
అది సాక్షి.
'నేనక్కడిదాకా వెళ్ళి చూశాను, ఏమీ లేదు'
అని చెప్పే మనిషి.

ఐదొస్తేనో సార్? ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.
ముందున్నది సరి అయితే వదిలెయ్, బేసి అయితే ఒకటి కలుపు.
సగం పైకి, సగం కిందికి.
పోనుపోను ఎవరి బాకీ ఎవరికీ ఉండదు.

ఈ ఏడు అడిగింది తామాడ పుణ్యవతి.
అడిగి కూర్చోలేదు.
"ఎప్పుడూ కిందికే ఎళ్తే దాన్నేటంటారండి?"

రికార్డు వెనక పేజీలు తిప్పింది.
లఘులోలకం ఊగాల్సిన పట్టికలో
వాళ్ళమ్మ దాలమ్మ కొట్టిన పప్పు బరువు.
ఒక గడిలో కాటా చూపింది,
పక్క గడిలో గుమస్తా రాసింది.
11.85, పదకొండు.
10.95, పది.
12.05, పన్నెండు.
కాటా అద్దంలో ఎర్రంకెలు ఒక్క క్షణమే వెలుగుతాయి సార్,
పళ్ళెం దించేలోగా సదివెయ్యాలి.
గుండుగుత్తగా రాసుకుంటాం, అన్నాడట గుమస్తా,
అందరికీ ఇంతే.

పేరు చెప్తే గుర్తుపట్టాను.
ఇదే బల్లమీద చదివినవాడు,
సవరణ సూత్రానికి రెండుకి రెండు మార్కులు
వేసింది నేనే.

దాలమ్మని ఒకసారి చూశాను, స్కాలర్‌షిప్పు కాగితాలకొచ్చినప్పుడు.
జీడి తినేసిన వేళ్ళు, బూడిద రుద్దినా పోని నలుపు.
వేలిముద్ర యంత్రం మూడుసార్లు
ఈమె ఎవరో నాకు తెలీదంది.
గుప్పెడు పప్పు పోస్తే చాలట,
ఇది రెండొందల నలభై రకం, ఇది మూడొందల ఇరవై అని
కళ్ళు మూసుకుని చెప్తుందట.
ఆ అరచేతికున్న కనీసపు కొలత
మా బీరువాలో ఏ పరికరానికీ లేదు.

ఇరవయ్యారు రోజులు.
పోయిన తునకలన్నీ కూడి, కింద రెండు గీతలు గీసి
రాసింది పిల్ల: 12.40 కిలోలు.
ఒకరోజు కూలికి పైమాటే.
నెలలో ఒకరోజు వాళ్ళమ్మ ఉత్తినే పనిచేసింది.
ఏ రోజో చూపించలేం,
అన్ని రోజుల్లోనూ
పాలల్లో నీళ్ళలా కలిసిపోయింది.

అలవాటు కొద్దీ ఎర్రకలం
ఆ చివరి సున్నామీదికి పోయింది.
ఆగాను.
కాటా రెండు స్థానాలదాకా చూపిస్తుంది.
ఈ సున్నా అక్కడిదాకా వెళ్ళొచ్చింది.

సంతకం పెడుతుంటే తట్టింది.
పుణ్యవతి హాజరు డెబ్భై నాలుగు పాయింటు ఆరు.
జాబితాలో డెబ్భై నాలుగని రాసి
అపరాధ రుసుం వరసలోకి తోసిన చెయ్యి
ఇదే.
కాలేజీకి రాని రోజులన్నీ
ఈ పట్టికలోనే ఉన్నాయి, తేదీలతో సహా.
ఆ సంగతి ఆ పిల్ల ఎత్తలేదు.
దిద్దడానికి నేను ఆఫీసు గదికి వెళ్ళేసరికి
జాబితా వెళ్ళిపోయింది.

మర్నాడు బోర్డుమీద 12.40 రాసి
సార్థక అంకెలెన్ని, అన్నాను.
నాలుగండీ, అంది క్లాసు.
"మూడే సార్," వెనక బెంచీనుంచి బొర్రా దిలీపు,
"సివరి సున్నాకి ఇలువేటుంటదండి?"

పుణ్యవతి వెనక్కి తిరిగి
వాడికేసి చూసింది,
చాలాసేపు.