మూడు కూతలు

బటన్ నొక్కాను.
ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం కాటుక.
లోపల్నుంచి మూడు కూతలు, పొడుగ్గా,
గిన్నెలో పాలు లేవని పిల్లి పిలిచినట్టు.

పెరంబూరులో, కరెంటు బిల్లంత వెడల్పు కొట్టు నాది.
స్టూలు మీద చెంగల్రాయుడు.
రేపు భార్య సంవత్సరీకం, కార్డులు కావాలి.
గోడమీది ఫొటో మొన్నటి వాననీళ్ళలో నానిపోయింది.
మిగిలిన ఒక్క ముఖం ఈ డబ్బాలోనే ఉంది.
ఆ మాట నేననలేదు. ఆయనా అనలేదు.

వైరు పీకి పెట్టాను. ప్లగ్గు మార్చాను.
సీపీయూ నెత్తిన ఒక్కటిచ్చాను,
అది వైద్యం కాదని తెలిసీ.

రిచీ స్ట్రీట్ నుంచి కుంజరి వచ్చింది.
హెల్మెట్ తీయకుండానే మూత విప్పింది.
దుమ్ము, ఓ బల్లిగుడ్డు పెంకు,
జానెడు కూడా లేని ర్యామ్ పలక.
"రబ్బర్ ఇరుక్కా అణ్ణా?"
పక్కింటి పిల్ల జామెట్రీ పెట్టెలోంచి తెచ్చిచ్చాను,
మామిడిపండు వాసనేసేది.
దాంతో బంగారు గీతల్ని రుద్దుతోంది,
అటూ ఇటూ, హడావుడి లేకుండా.
చెరపడానికి పుట్టినదాన్ని
జ్ఞాపకం మీద పెట్టిందేమిటని
గుండె జారింది నాకు.

ఒక్క కూత. పొట్టిది.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు:
లోపలి బ్యాటరీ చచ్చింది, తేదీ తప్పిపోయింది.
రెండువేల పన్నెండు, జనవరి ఒకటి.
"ఎఫ్ వన్ నొక్కితే ముందుకెళ్తుంది" అన్నాను.

చెంగల్రాయుడు ఆ అంకెల్నే చూస్తున్నాడు.
"ఉండు నాయనా, తొందరేముంది.
ఆ ఏడే మేం తిరుత్తణి పోయినాం."

కుంజరి నూట యాభై అడిగింది.
చిల్లర లేదు నా దగ్గర.